బ్యాటరీ పోతే జీపీఎస్ పోయినట్టేనా?

పాతికేళ్ల కిందటి పరికరం ఇప్పటికీ దారి చెప్పగలదు. దాన్ని మూలకు నెడుతున్నది మాత్రం లోపలున్న చిన్న బ్యాటరీ. బాగుచేయించాలా, కొత్తది కొనాలా అని తేల్చుకునే ముందు ఒక్కసారి దాని లోపలికి తొంగిచూద్దాం.

ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరమంతా బోట్లు ఒడ్డుకు చేరతాయి. జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, మరబోట్ల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన విరామం ఇది. విశాఖ ఫిషింగ్ హార్బరులోనైనా, కాకినాడలోనైనా, నిజాంపట్నంలోనైనా ఆ రెండు నెలలూ రిపేర్ల కాలం. ఇంజన్లు దించి విప్పుతారు. బోట్లకు రంగులు వేస్తారు. వలల చిరుగులు కూర్చుని ఓపిగ్గా అల్లుకుంటారు. బాగుచేసే వీలుంటే పారేయడమన్నది రేవులో కనబడదు.

అలాంటి రేవులోనే, అరచేతిలో ఇమిడే జీపీఎస్ దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతోంది. ‘చార్జింగ్ నిలవడం లేదు, కొత్తది కొనాలి’ అంటారు. కారు అద్దానికి అతికించుకునే నావిగేటర్ ఉన్నవాళ్లదీ, సైకిలు హ్యాండిల్‌కి చిన్న జీపీఎస్ బిగించుకుని తెల్లవారుజామున రోడ్డెక్కే హైదరాబాద్ సైక్లిస్టులదీ, నల్లమలలో ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లదీ ఇదే మాట. బ్యాటరీ జబ్బును పరికరం చావుగా లెక్కేసుకుంటున్నాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బ్యాటరీ ఒక్కటే పోయిన జీపీఎస్‌ను బాగుచేయించుకోవాలి. కొత్తది కొనక తప్పని సందర్భాలూ ఉన్నాయి, ప్రాణాలతో ముడిపడినప్పుడు అసలు వెనకాడకూడదు. కానీ ఆ సందర్భాలు మనం అనుకుంటున్నంత ఎక్కువేమీ కావు.

ఆకాశం నుంచి వచ్చే మాట అదే

జీపీఎస్ పరికరం చేసే పనల్లా వినడం. అది ఎవరికీ ఏదీ పంపదు. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న అమెరికా ఉపగ్రహాలు తమ టైమూ, తామున్న చోటూ నిరంతరం ప్రకటిస్తూ ఉంటాయి. నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే చాలు. ఆ మాటలు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి తానెక్కడుందో పరికరమే లెక్క కట్టుకుంటుంది. మొదటి ఉపగ్రహం 1978లో పైకి వెళ్లింది. 1995 నాటికి వ్యవస్థ పూర్తి స్థాయికి వచ్చింది. మొదట్లో పౌరులకు అందే సంకేతంలో అమెరికా కావాలనే కొంత తప్పు కలిపేది. 2000 మే 2 నుంచి దాన్ని ఎత్తేయడంతో, వంద మీటర్ల దాకా ఉండే తేడా ఒక్కసారిగా పదీ ఇరవై మీటర్లకు దిగింది.

ఇక్కడే పాత ఫోనుకూ పాత జీపీఎస్‌కూ పెద్ద తేడా ఉంది. 3జీ సేవలు ఆపేస్తే 3జీ ఫోను సగం మూగబోతుంది. యాప్‌లు కొత్త ఆపరేటింగ్ సిస్టం అడుగుతాయి. బ్యాటరీ మార్చి లాభం లేదు. జీపీఎస్‌కు ఆ బాధ లేదు. 1575.42 మెగాహెర్ట్జ్ (ఎల్1) దగ్గర పౌరుల కోసం మొదటి నుంచీ వస్తున్న సంకేతం ఇప్పటికీ వస్తూనే ఉంది. 2018 డిసెంబరు నుంచి పంపుతున్న కొత్త తరం ఉపగ్రహాలు కూడా దాన్ని వదిలిపెట్టలేదు. 1998లో కొన్న పరికరానికి ఇవాళ సరైన కరెంటు అందిస్తే, అది ఆకాశాన్ని వెతికి, మీరున్న అక్షాంశ రేఖాంశాలు చెబుతుంది. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ఇంత కాలం చెల్లుబాటయ్యేవి చాలా అరుదు. అందుకే వీటిని తొందరపడి పారేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఒక మెలిక ఉంది. పాత సంకేతంలో వారాలను లెక్కపెట్టే అంకె 1,023 దాటగానే మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6న మరోసారి అలా జరిగింది. తరవాతది 2038 నవంబరులో వస్తుంది. దీన్ని సరిచూసుకోలేని పరికరాలు తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తాయి. చోటు మాత్రం చాలావాటిలో సరిగ్గానే ఉంటుంది. ఎందుకంటే ఆ లెక్కకు కావలసింది సెకను కన్నా అతి చిన్న కొలతలు, క్యాలెండరు కాదు. తెర మీద తేదీ తప్పుగా ఉందని జీపీఎస్ చెడిపోయిందనుకోకండి. ముందు తెలిసిన చోట నిలబడి, అది చూపే స్థానం సరిపోతుందో లేదో చూడండి.

లోపల ఏం చచ్చిపోతోంది?

లిథియం అయాన్ బ్యాటరీని సోనీ కంపెనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనకున్న శాస్త్రానికి జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో నోబెల్ వచ్చింది. అద్భుతమైన వస్తువే. కాకపోతే పుట్టిన రోజు నుంచీ అరిగిపోతూనే ఉంటుంది. వాడినా అరుగుతుంది, వాడకున్నా అరుగుతుంది. లోపలి ఎలక్ట్రోడు మీద సన్నటి పొర ఒకటి నెమ్మదిగా మందమవుతూ, కరెంటు మోయాల్సిన లిథియాన్ని తనలో బంధించేస్తుంది. మామూలు వాడకంలో మూడు నుంచి అయిదు వందల సార్లు పూర్తిగా నింపి ఖాళీ చేసేసరికి మొదటి సామర్థ్యంలో అయిదో వంతు పోతుంది.

దీనికి ప్రధాన శత్రువు వేడి. దానికి నిండు చార్జింగ్ కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. పూర్తిగా నింపిన బ్యాటరీని 40 డిగ్రీల వేడిలో ఏడాది ఉంచితే సామర్థ్యంలో సుమారు మూడో వంతు ఎగిరిపోతుంది. సగానికి కాస్త తక్కువ చార్జింగుతో, గది ఉష్ణోగ్రతలో దాచితే పోయేది చాలా స్వల్పం. ఇప్పుడు మే నెలలో ఎండలో నిలిపిన కారును తలచుకోండి. ముందు అద్దం దగ్గర వేడి 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. నావిగేటరేమో అద్దానికి అతుక్కుని ఉంటుంది. ప్రయాణమంతా చార్జరుకు తగిలించి ఉంచాం కాబట్టి లోపలి బ్యాటరీ నిండుగా ఉంటుంది. విజయవాడ ఎండలో మూడు వేసవులు గడిపిన బ్యాటరీ నిలవకపోతే ఆశ్చర్యమేముంది?

రెండో చావు ఇంకోలా వస్తుంది. వాడటం మానేసి సొరుగులో పడేసిన పరికరంలో బ్యాటరీ మెల్లగా దిగిపోతూనే ఉంటుంది. నిండినప్పుడు 4.2 వోల్టులుండే సెల్, 2.5 వోల్టుల కన్నా కిందికి జారి చాలాకాలం అక్కడే ఉండిపోతే, లోపలి రాగి రేకు కరిగి ద్రవంలో కలవడం మొదలవుతుంది. అలాంటిదానికి మళ్లీ చార్జింగ్ పెడితే ఆ రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుని లోలోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ‘కాసేపు నేరుగా కరెంటు ఇచ్చి లేపుదాం’ అని కొందరు మెకానిక్‌లు చేసే ప్రయత్నం అందుకే మంచిది కాదు. చచ్చిన లిథియం సెల్‌ను లేపకూడదు, మార్చాలి.

పరికరం వెనక మూత ఉబ్బినట్టుందా? తెర ఒక అంచున పైకి లేచిందా? అయితే బ్యాటరీలో గ్యాస్ చేరినట్టే. ఆ క్షణం నుంచి దానికి చార్జింగ్ పెట్టకూడదు. గుచ్చకూడదు, వంచకూడదు. నిప్పు అంటుకునే వస్తువులకు దూరంగా పెట్టి మెకానిక్ దగ్గరికి చేర్చాలి. కారులో వదిలేసిన పాత నావిగేటర్‌ను ‘ఎలాగూ వైరుతో పనిచేస్తోంది కదా’ అని పట్టించుకోనివాళ్లు ఈ ఒక్క సంగతి తప్పక చూసుకోవాలి.

నిజంగా బ్యాటరీదేనా తప్పు?

రేవుల్లో కనిపించే చేతి జీపీఎస్‌లలో చాలావాటికి లిథియం బ్యాటరీయే ఉండదు. రెండు పెన్సిల్ సెళ్లతో నడుస్తాయి. వాటిలో చెడేది సెల్ కాదు, సెల్ తగిలే స్ప్రింగూ రేకూ. ఉప్పుగాలికి పచ్చగా చిలుము పడుతుంది. నెలల తరబడి తీయకుండా వదిలేసిన ఆల్కలైన్ సెల్ కారితే తెల్లటి పొడి పేరుకుంటుంది. కొత్త సెళ్లు వేసినా ఆన్ కాదు, ఒకవేళ అయినా అలకి ఊగినప్పుడల్లా ఆరిపోతుంది. దీనికి మందు చాలా చవక. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి రేకు మీద రుద్దాలి. తరవాత మంచినీటి తడితో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, మెత్తటి గరుకు కాగితంతో ఒక్కసారి గీకాలి. స్ప్రింగు తుప్పు పట్టి విరిగిపోతే రేడియో మెకానిక్ పాత పరికరం నుంచి తీసిన స్ప్రింగు టంకం పెట్టి అతికిస్తాడు. వేట నుంచి వచ్చాక సెళ్లు తీసేసి, మూత మూసి, పైపైన మంచినీళ్లతో తుడిచి పెట్టుకుంటే అసలు ఈ బాధే రాదు.

చార్జింగ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెళ్లు వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులైతే ఇవి 1.2 వోల్టులు. మెనూలో బ్యాటరీ రకం మార్చకపోతే ఇంకా చాలా ఉండగానే అయిపోయిందని పరికరం గోల చేస్తుంది. సెట్టింగు మార్చితే ఆ ‘జబ్బు’ నయమైపోతుంది. అచ్చం పెన్సిల్ సెల్ కొలతల్లోనే ఉండి 3.7 వోల్టులిచ్చే 14500 అనే లిథియం సెల్ కూడా బజార్లో దొరుకుతుంది. చవగ్గా వచ్చిందని అవి రెండు వేశారో, మూడు వోల్టులు అందుకోవాల్సిన పరికరానికి ఏడు దాటి అందుతుంది. బోర్డు కాలిపోతుంది. అది ఇక బాగుపడదు.

లిథియం బ్యాటరీ ఉన్నవాటిలోనూ ముందు అనుమానించాల్సింది చార్జింగ్ సాకెట్‌ను. పదేళ్ల కిందటి పరికరాల్లో ఎక్కువగా మినీ యూఎస్‌బీ ఉండేది. లోపలి పిన్నులు వదులైతే, దుమ్ము చేరితే, కేబులు పాతదైతే చార్జింగ్ ఎక్కదు. మల్టీమీటరు ఉన్న మెకానిక్ రెండు నిమిషాల్లో తేల్చగల విషయం ఇది. ఆ రెండు నిమిషాలు కేటాయించకుండానే ఎన్నో పరికరాలు మూలకు చేరుతున్నాయి.

అసలు ఆస్తి పాయింట్లు

బాగుచేయడమా, మార్చడమా అన్న లెక్కలో అందరూ ధరలనే పోలుస్తారు. బ్యాటరీకి కొన్ని వందలు, కొత్త చేతి జీపీఎస్‌కు పది వేలకు పైమాటే అని. నా దృష్టిలో అంతకన్నా పెద్ద లెక్క ఒకటి ఉంది. పరికరం లోపల దాచుకున్న పాయింట్లు.

సముద్రంలో వేటాడేవాళ్లకు చేప పడిన ప్రతి చోటూ ఒక పాయింటు. నీటి అడుగున రాళ్లున్న చోటు, మునిగిన ఓడ ఉన్న చోటు, వల తగులుకుని చిరిగిపోయిన చోటు, గాలివానలో తలదాచుకునే మొగ దగ్గర ఇసుక మేటలు లేని దారి. ఇవన్నీ ఎవరో చెబితే వచ్చినవి కావు, కొన్ని వేసవుల కష్టం. పాత రోజుల్లో కొండ గుర్తులూ, చుక్కలూ, నీటి రంగూ చూసి మనసులో దాచుకున్న జ్ఞానం ఇప్పుడు అంకెలై ఈ చిన్న పెట్టెలో కూర్చుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు పంపే సముద్రపు వేడి, పాచి రంగుల సమాచారాన్ని విశ్లేషించి చేపలు దొరికే చోట్ల సూచనలను తెలుగులోనూ ఇస్తుంది. ఏ రేవు నుంచి ఎంత దూరం, ఏ దిక్కు, ఎంత లోతు, ఏ అక్షాంశ రేఖాంశాలన్న వివరాలన్నీ వాటిలో ఉంటాయి. ఆ అంకెలు ఎక్కించుకోవడానికీ ఈ పెట్టే కావాలి.

కొన్ని పాత మోడళ్లలో ఈ పాయింట్లు నిలవడానికి బోర్డు మీద వేరుగా ఒక చిన్న లిథియం సెల్ ఉంటుంది. దాని ఆయుష్షు పదేళ్ల పైచిలుకు. అది కాస్తా అయిపోతే, పెన్సిల్ సెళ్లు మార్చిన మరుక్షణం జ్ఞాపకాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పరికరం చక్కగా వెలుగుతుంది, లోపల ఒక్క పాయింటూ ఉండదు. అప్పుడు పోయేది వస్తువు విలువ కాదు, ఒక కుటుంబం సంపాదించిన తెలివి.

కాబట్టి పరికరం ఇంకా వెలుగుతుండగానే చేయాల్సిన పని ఇది. పాయింట్లన్నీ నోటుబుక్కులో రాసుకోండి. పేరు, ఉత్తర అక్షాంశం, తూర్పు రేఖాంశం, చివరి దశాంశం దాకా. యూఎస్‌బీ ఉన్నదైతే కంప్యూటరుకు తగిలించి ఫైలును కాపీ చేసి ఇంకో రెండు చోట్ల దాచండి. ఆ ఫైలు దాదాపు ప్రతి కొత్త పరికరంలోకీ, ఫోనులోకీ ఎక్కుతుంది. పాత పరికరం అంకెలను డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తోందో, డిగ్రీల దశాంశాల్లో చూపిస్తోందో కూడా పక్కన రాసిపెట్టుకోండి. ఆ రెంటినీ కలగలిపి ఎక్కిస్తే పాయింటు కొన్ని కిలోమీటర్ల అవతల పడుతుంది. బాగుచేయించినా, కొత్తది కొన్నా ఈ పని మాత్రం తప్పదు. పిల్లలకు కంప్యూటరు వచ్చిన ఇళ్లలో ఇది ఒక్క మధ్యాహ్నం పని.

మూత విప్పితే

లిథియం బ్యాటరీ మార్చడం మొబైల్ రిపేరు తెలిసిన చేతులకు కొత్త విద్యేమీ కాదు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌లో రోజంతా జరిగేది అదే. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరుకుతాయి. అయితే మీ మోడలు పేరు చెప్పగానే బ్యాటరీ చేతికివ్వరు. చాలా కంపెనీలు జీపీఎస్ లోపలి బ్యాటరీని విడిగా అమ్మవు. వారంటీ దాటితే కొంత సొమ్ము తీసుకుని, బాగుచేసిన వేరే పరికరం చేతిలో పెడతాయి. మీ పాతది తిరిగి రాదు, పాయింట్లూ రావు.

అందుకని కొలతలు చూసి వెతుక్కోవాలి. పలుచటి రేకు సంచీ లాంటి సెల్ మీద 603450 అని ఉందనుకోండి. మందం 6.0 మిల్లీమీటర్లు, వెడల్పు 34, పొడవు 50 అని అర్థం. అవే కొలతలు, అదే వోల్టేజీ ఉన్నది పట్టాలి. ఒక మిల్లీమీటరు పొడవు తగ్గినా ఫరవాలేదు, మందం మాత్రం పెరగకూడదు. నొక్కుకుపోయిన సెల్ ఎప్పటికైనా ప్రమాదమే. సామర్థ్యం అంకెలను గుడ్డిగా నమ్మొద్దు. టార్చిలైట్లలో వేసే 18650 సెల్ మీద 9,900 అని ముద్రించి అమ్ముతున్నారు. పేరున్న కంపెనీలు తయారుచేసే అదే సైజు సెల్ 3,500 మిల్లీయాంప్ అవర్ దగ్గరే ఆగుతుంది. పెద్ద అంకె వేసినవాడి దగ్గర నాణ్యత వెతకడం దండగ.

వైర్లు మూడు ఉంటే రెండు కరెంటువి, మూడోది వేడిని కనిపెట్టే థర్మిస్టర్‌ది. దాన్ని కలపకుండా వదిలేస్తే చాలా పరికరాలు చార్జింగ్ తీసుకోవు. అది తెలియనివాళ్లు ‘బోర్డు పోయింది’ అని తేల్చేస్తారు. కనెక్టరు ఒకేలా ఉన్నా ఎరుపు, నలుపు వైర్లు తారుమారై వచ్చే బ్యాటరీలూ ఉంటాయి. మల్టీమీటరుతో చూసుకోకుండా తగిలించకూడదు. సెల్ మీద అతిగా చార్జింగ్ కాకుండా, అతిగా దిగిపోకుండా కాపాడే చిన్న సర్క్యూటు తప్పనిసరిగా ఉండాలి. సెల్ మీద నేరుగా టంకం పెట్టే మెకానిక్ దగ్గర ఆ పని చేయించొద్దు. ఆ వేడికి లోపలి పొరలు దెబ్బతింటాయి.

ఇక నీటి సంగతి. ఐపీఎక్స్7 అని రాసి ఉన్న పరికరం మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకోవాలి. మూత విప్పగానే ఆ హామీ చెల్లదు. రబ్బరు వాషరు గట్టిపడి ఉంటుంది, జిగురు ఊడి వస్తుంది. మళ్లీ అతికించినా పూర్వపు బిగువు వచ్చిందని ఎవరూ ఒట్టేయలేరు. ‘విప్పాక నీళ్లలో పడితే నా పూచీ లేదన్నా’ అని ముందే చెప్పే మెకానిక్‌ను నమ్మొచ్చు. కారులో, సైకిలు మీద వాడుకునేవాళ్లకు ఇది చిన్న సమస్య. చిన్న పడవలో వెళ్లేవాళ్లకు పెద్దది. అలాంటివాళ్లు బాగుచేసిన పరికరాన్ని నీళ్లు చొరని ప్లాస్టిక్ సంచీలో పెట్టుకునే వాడాలి.

బాగుచేసి ఇంటికి తెచ్చాక తొందరపడకండి. చాలాకాలం చచ్చి ఉన్న జీపీఎస్‌కు ఏ ఉపగ్రహం ఎక్కడుందో గుర్తుండదు. ఆ పట్టిక మొత్తాన్ని ఆకాశం నుంచి అందుకోవడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. గదిలో కూర్చుని రెండు నిమిషాలు చూసి ‘సిగ్నల్ రావడం లేదు, రిపేరు చెడింది’ అనుకుంటే అన్యాయం. డాబా మీదికో మైదానంలోకో తీసుకెళ్లి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచాలి.

విప్పడం ఇష్టం లేకపోతే మధ్యేమార్గమూ ఉంది. చాలా పరికరాలు లోపలి బ్యాటరీ బలహీనపడినా బయటి కరెంటుతో నడుస్తాయి. కారులో చార్జరు, సైకిలు మీద చిన్న పవర్ బ్యాంకు సరిపోతాయి. సెల్ ఉబ్బకుండా ఉన్నంత వరకే ఈ సలహా.

కొత్తది కొనక తప్పనప్పుడు

బోర్డులోకి ఉప్పునీళ్లు వెళ్లిన పరికరాన్ని సముద్రానికి తీసుకెళ్లకూడదు. ఇవాళ పనిచేసినా రేపు లోపలి తుప్పు దాని పని పడుతుంది. తెర సగం కనబడకపోతే, మీటలు నొక్కితే పలకకపోతే అంతే. ఒక్క పరికరం మీదే ఆధారపడి లోతు సముద్రానికి వెళ్లేవాళ్లయితే కొత్తది కొని పాతదాన్ని తోడుగా ఉంచుకోవడమే సరైన పని. సముద్రంలో సరిహద్దు కంటికి కనబడదు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇంటిముఖం పట్టలేదు. తామెక్కడున్నామో ప్రతి క్షణం తెలిసి ఉండటం ఎంత అవసరమో శ్రీకాకుళం తీరంలోని కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొత్త పరికరాలు ఎక్కువ ఉపగ్రహాలను వింటాయన్నదీ నిజమే. పాతవి అమెరికా జీపీఎస్‌ను మాత్రమే వినగలవు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో, జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్ కూడా ఎల్1 పౌర సంకేతాన్ని పంపడం మొదలుపెట్టింది. దాన్ని అందుకోవాలంటే అందుకు తగిన చిప్ ఉండాలి. పాత పరికరానికి ఎంత మంచి బ్యాటరీ వేసినా అది రాదు. తుపాను హెచ్చరికలు నేరుగా ఉపగ్రహం నుంచి అందుకునే పరికరాలు కూడా వచ్చాయి. అవి అందుబాటులో ఉన్న మత్స్యకారులు తప్పక తీసుకోవాలి.

కారు నావిగేటర్ల కథ వేరు. 2009లో గూగుల్ ఫోనులోనే ఉచితంగా దారి చెప్పడం మొదలుపెట్టాక వాటి వ్యాపారం కుంగిపోయింది. ఫోను ఉండగా వాటితో పనేమిటని అడిగేవాళ్లకు నా జవాబు: సిగ్నల్ లేని అడవి దారుల్లో, ఎండలో ఫోను వేడెక్కి ఆగిపోయినప్పుడు అవి అక్కరకొస్తాయి. పాత మ్యాపులకు బదులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన ఉచిత మ్యాపులను గార్మిన్ కంపెనీ పరికరాల్లో చాలావాటిలోకి ఎక్కించుకోవచ్చు. అంత ఓపిక, అవసరం లేనివాళ్లు కొత్త నావిగేటర్ కొనే పని కూడా పెట్టుకోవద్దు. చేతిలోని ఫోను చాలు.

బ్యాటరీకి తలుపు ఎందుకు మూశారు?

నీళ్లు చొరకుండా ఉండాలంటే మూత అతికించక తప్పదని తయారీదారులు చెబుతారు. ఆ మాట నేను ఒప్పుకోను. గార్మిన్ సంస్థే అమ్మిన జీపీఎస్ 72హెచ్ అనే చేతి పరికరానికి ఐపీఎక్స్7 హామీ ఉంది, నీళ్లలో పడితే తేలుతుంది. అయినా దాని వెనక మూత తీసి ఎవరైనా పెన్సిల్ సెళ్లు మార్చుకోవచ్చు. పొలాలు కొలిచే సర్వే రోవర్లకు ఎండా వానా తప్పవు. వాటికీ ఊడదీసి మార్చుకునే బ్యాటరీలే ఉంటాయి, ఎందుకంటే మధ్యలో సర్వే ఆగిపోతే కొన్నవాళ్లు ఊరుకోరు. అంటే సాంకేతికత ఉంది. సామాన్యుడు కొనే వస్తువు దగ్గరే ఆ తలుపు మూసేశారు.

ఒక్కో పరికరం చూస్తే చిన్నదే. కానీ 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక లెక్క తేల్చింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. మిగతాదానిలో ఎంతో భాగం గల్లీల్లో వైర్లు కాల్చి, బోర్డులను యాసిడ్‌లో ముంచే పేదల ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మన దేశంలో 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది, మిగతా చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వాల్సిన బాధ్యత మనది. తీసేసిన సెల్ కొసలకు టేపు చుట్టి, ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలోనే ఇవ్వండి. మున్సిపాలిటీ చెత్తబండిలో నలిగితే అది మంటై లేస్తుంది.

ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే పరికరాల్లో బ్యాటరీని కొన్నవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. ప్రధానంగా తడిలో పనిచేసేవాటికి కొంత సడలింపు ఇచ్చారు. వాటిని నిపుణుడు మార్చగలిగితే చాలు. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న రిపేరు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. ఏ వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో చెప్పే సూచీ కోసం వేసిన కమిటీ 2025 మేలో నివేదిక కూడా ఇచ్చింది. మొదట మొబైల్ ఫోన్ల వంటివాటికి వర్తింపజేయాలన్న ఆలోచన మంచిదే. ఆ జాబితాలో మత్స్యకారుడి జీపీఎస్ కూడా చేరాలి. అతని జీవనోపాధి, ఒక్కోసారి ప్రాణం, దాని మీద ఉంది. మత్స్యశాఖ సబ్సిడీ మీద పరికరాలు కొని పంచేటప్పుడు బ్యాటరీ రేవులోనే మార్చుకునేలా ఉండాలన్న ఒక్క షరతు టెండరులో రాస్తే, కంపెనీలు ఆ తలుపు తెరుస్తాయి.

కొత్త జీపీఎస్ కొనబోతున్న పాఠకులు దుకాణంలో తెర ఎంత పెద్దదని అడిగే ముందు ఒకటి అడగండి: బ్యాటరీ పోతే ఎవరు మారుస్తారు, ఎంతవుతుంది, విడిగా దొరుకుతుందా? జవాబు చెప్పలేనివాడి దగ్గర కొనకండి.